అటాచ్‌మెంటులో దిద్దిన ప్రూఫులు సేవ్ చేసినా కనిపించడం లేదు

నాగావళి తీరం

అందరికీ నమస్కారం. మా ఊరి సాహితీ మిత్రులు నడిపే ఒక త్రైమాసిక పత్రికకు నేను ప్రూఫులు దిద్దుతాను. రచయితలు తమ రచనలను వర్డ్ ఫైళ్ళుగా ఈమెయిల్‌కు జోడించి పంపుతారు. మొన్న శనివారం సాయంత్రం ఒక పెద్దాయన పంపిన 14 పేజీల వ్యాసాన్ని అవుట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రాములో, ఆ మెయిల్‌లోని అటాచ్‌మెంటు మీదనే రెండుసార్లు నొక్కి తెరిచాను. పైన పసుపు పట్టీ వచ్చింది. అందులో దిద్దుబాటుకు అనుమతినిచ్చే బొత్తాం నొక్కి, మూడు గంటలు కూర్చుని ఒత్తులు, పొల్లులు, పద విభజన, ఉల్లేఖించిన పద్యాల్లో యతి తప్పిన చోట్లు అన్నీ సరిచేశాను. లేవబోయే ముందు సేవ్ చేశాను. అప్పుడు పేరు అడిగే పెట్టె ఒకటి వచ్చినట్టు గుర్తు. దాన్ని చదవకుండానే ఎంటర్ నొక్కి కంప్యూటర్ కట్టేశాను.

ఆదివారం ఉదయం అదే మెయిల్ తెరిస్తే వ్యాసం మొదట వచ్చినట్టే ఉంది, నేను దిద్దిన అక్షరం ఒక్కటీ లేదు. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ మూడింటిలోనూ వెదికాను. వెదికే పెట్టెలో ఫైలు పేరు కొట్టినా ఏమీ దొరకలేదు. కంప్యూటర్‌లో విండోస్ 10, ఆఫీస్ 2016 ఉన్నాయి. డీటీపీ చేసే అబ్బాయి పేజీలు పెట్టడానికి ఎదురుచూస్తున్నాడు. ఆ పని మళ్ళీ మొదటి నుంచి చేయక తప్పదా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

కృష్ణలంక

మీ కంప్యూటర్‌లో వైరస్ ఉండి ఉండవచ్చునండీ. సేవ్ చేసిన ఫైలు ఊరికే మాయం కాదు. ముందు యాంటీవైరస్‌తో పూర్తిగా పరీక్ష చేయించండి. తరువాత డిస్క్ క్లీనప్ నడిపి తాత్కాలిక ఫైళ్ళన్నీ తీసివేయండి. మా దుకాణంలో ఫైళ్ళు సరిగా సేవ్ కాకపోతే మేము మొదట చేసే పని అదే.

అక్షరశోధిని

నాగావళి తీరం గారూ, దయచేసి డిస్క్ క్లీనప్ నడపకండి. ఒకవేళ ఇప్పటికే నడిపితే ఆ మాట కూడా చెప్పండి. మీ మూడు గంటల కష్టం ఇంకా మిగిలి ఉంటే, అది ఉండే చోటు ఆ తాత్కాలిక ఫైళ్ళ మధ్యనే.

జరిగినది ఇది. అటాచ్‌మెంటు అనేది మెయిల్ లోపల ఇమిడి ఉన్న భాగం. దాన్ని వర్డ్ నేరుగా తెరవలేదు. కాబట్టి మీరు రెండుసార్లు నొక్కగానే అవుట్‌లుక్ ఒక నకలు తీసి, మామూలుగా కంటికి కనిపించని ఒక ఫోల్డరులో పెట్టి, ఆ నకలును వర్డ్‌కు అందించింది. మీరు దిద్దింది ఆ నకలును. మెయిల్‌లో ఉన్న మూలం మీద మీ చెయ్యే పడలేదు, అందుకే ఆదివారం అది వచ్చినది వచ్చినట్టే కనిపించింది. పేరు అడిగే పెట్టె రావడం ఇక్కడ చాలా ముఖ్యమైన సంగతి. తెరిచిన నకలు చదవడానికి మాత్రమే అన్న గుర్తుతో ఉంటే, వర్డ్ దాని మీద రాయలేక కొత్త పేరు అడుగుతుంది. అలా అడిగినప్పుడు ఆ పెట్టె తెరుచుకునేది తరచుగా ఆ నకలు ఉన్న ఫోల్డరులోనే. మీరు చదవకుండా ఎంటర్ నొక్కారు గనుక, దిద్దిన ప్రతి కూడా ఆ కనిపించని ఫోల్డరులోకే వెళ్ళి ఉండాలి. అవుట్‌లుక్ మూసేటప్పుడు తాను తీసిన నకళ్ళను తుడిచేస్తుంది గాని, వర్డ్ వేరే పేరుతో రాసిన ఫైలు దాని లెక్కలో ఉండదు. అందువల్ల అది మిగిలే అవకాశం బాగా ఉంది.

ఆ ఫోల్డరు మీ యూజర్ ఫోల్డరులో యాప్‌డేటా, దాని లోపల లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఐనెట్‌క్యాష్, చివరగా కంటెంట్ డాట్ అవుట్‌లుక్ అనే వరుసలో ఉంటుంది. దాని లోపల అర్థం లేని అక్షరాలూ అంకెలూ కలిసిన పేరుతో మరొక ఫోల్డరు ఉంటుంది. ఫైలు అందులో ఉండాలి.

నాగావళి తీరం

అక్షరశోధిని గారూ, క్లీనప్ ఇంకా నడపలేదు. ఆ ఒక్క మాటకే మీకు ఎంతో రుణపడ్డాను. అయితే యాప్‌డేటా అనే ఫోల్డరే నాకు కనిపించడం లేదు. దాచిన ఫోల్డర్లను చూపించమని ఎంపిక మార్చాక యాప్‌డేటా వరకు వెళ్ళగలిగాను. ఐనెట్‌క్యాష్ లోపలికి వెళితే మీరు చెప్పిన అవుట్‌లుక్ ఫోల్డరు మాత్రం లేదు.

అక్షరశోధిని

అది దాచిన ఫోల్డరు మాత్రమే కాదండీ, విండోస్ తన సొంత ఫోల్డరుగా కాపాడుకునేది కూడా. కాబట్టి ఫోల్డర్లు చూపించే ఎక్స్‌ప్లోరర్‌లో నడుచుకుంటూ వెళితే కనిపించదు. పూర్తి చిరునామాను పైన ఉన్న పట్టీలో టైపు చేయాలి. వెదికే పెట్టెకు దొరకకపోవడానికి కారణం వేరు. యాప్‌డేటాలో ఉన్నవాటిని విండోస్ సాధారణంగా తన సూచికలో చేర్చుకోదు.

బడి గుమాస్తా

మధ్యలో మాట్లాడుతున్నందుకు మన్నించండి. నేను ఒక ఉన్నత పాఠశాల కార్యాలయంలో పని చేస్తున్నాను. ఇలాంటి అనుభవం మాకు రెండుసార్లు ఎదురైంది. ఇంత దూరం వెదకనవసరం లేదు. ముందు వర్డ్ తెరవండి. ఫైల్ మెనూలో ఇటీవల తెరిచిన పత్రాల జాబితా ఉంటుంది. అందులో శనివారం నాటి పేరు వెదకండి. ప్రతి పేరు కింద ఆ ఫైలు ఏ ఫోల్డరులో ఉందో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ పేరు మీద ఒక్కసారి నొక్కితే ఫైలు అక్కడి నుంచే తెరుచుకుంటుంది. తెరుచుకున్న వెంటనే, వేరే ఏ పనీ చేయకుండా, సేవ్ యాజ్ నొక్కి డాక్యుమెంట్స్‌లో పెట్టుకోండి.

నాగావళి తీరం

దొరికింది! జాబితాలో రెండవ పేరు అదే. "వ్యాసం (002)" అని ఉంది, కింద కంటెంట్ డాట్ అవుట్‌లుక్ అన్న చిరునామా కూడా కనిపించింది. తెరవగానే మొదటి పేజీలోనే నేను సరిచేసిన సీసపద్యం కనబడింది. చివరి పేజీ వరకు దింపి చూశాను. దిద్దినవన్నీ ఉన్నాయి. వెంటనే డాక్యుమెంట్స్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టాను. బడి గుమాస్తా గారికీ, అక్షరశోధిని గారికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ వ్యాసకర్తకు 80 ఏళ్ళు దాటాయి. ఆయన ఫోనులో చెబుతుంటే విని సరిచేసిన చోట్లు కొన్ని ఉన్నాయి, అవి పోతే ఆయన్ను మళ్ళీ శ్రమపెట్టాల్సి వచ్చేది.

నేను ఫైలు పేరు మార్చలేదు. ఆ (002) ఎక్కడి నుంచి వచ్చింది?

అక్షరశోధిని

చాలా సంతోషం. ఆ (002) అవుట్‌లుక్ తగిలించిందే. తాత్కాలిక ఫోల్డరులో ఆ పేరుతో మరొక ఫైలు అప్పటికే ఉంటే, కొత్త నకలుకు అది మూడంకెల సంఖ్య చేరుస్తుంది. బ్రౌజర్లు దించుకున్న ఫైలుకు చేర్చే (1), (2) లకూ దీనికీ ఇదే తేడా. కాబట్టి వర్డ్ పై పట్టీలో పేరు పక్కన (002) కనిపించిందంటే, మీరు సొంత ఫోల్డరులో కాకుండా అవుట్‌లుక్ తాత్కాలిక గదిలో కూర్చుని పని చేస్తున్నారేమో అని అనుమానించి, ఒక్క అక్షరం దిద్దక ముందే సేవ్ యాజ్ చేసుకోవాలి.

పత్రికల వారికి ఇందులో మరో చిక్కు ఉంది. మీకు రచనలు పంపేవారిలో చాలామంది ఫైలుకు "వ్యాసం", "కథ", "కవిత" అనే పేరు పెడతారు. అవుట్‌లుక్ అనుకోకుండా ఆగిపోయినప్పుడల్లా అది తీసిన నకళ్ళు తుడవకుండా మిగిలిపోతాయి. ఒకే పేరుతో అలాంటివి దాదాపు 100 చేరాక, ఆ పేరుగల అటాచ్‌మెంటు ఇక తెరుచుకోదు, ఫైలును సృష్టించలేకపోతున్నామనే సందేశం వస్తుంది. చూసినవారు పంపిన ఫైలు పాడైందనుకుని, పాపం, రచయితను మళ్ళీ పంపమంటారు. పేరు అదే అయితే మళ్ళీ పంపినా ఫలితం అదే. ఆ ఫోల్డరులో మీకు కావలసినవి లేవని నిర్ధారించుకున్నాక ఖాళీ చేస్తే సమస్య తీరుతుంది. డిస్క్ క్లీనప్ పనికివచ్చేది అప్పుడే.

కృష్ణలంక

నా సలహా ఎంత నష్టం చేసి ఉండేదో ఇప్పుడు తెలిసింది. నాగావళి తీరం గారు నన్ను క్షమించాలి. ఇకపై మా దుకాణానికి వచ్చినవారికి కూడా ముందు వర్డ్ జాబితా చూపిస్తాను.

ఇదే కోవలో నాదొక సందేహం. మా దుకాణంలో ఫైర్‌ఫాక్స్ వాడతాము. ఒకప్పుడు ఏదైనా ఫైలు మీద నొక్కితే తెరవాలా, సేవ్ చేయాలా అని అడిగేది. ఇప్పుడు ఏమీ అడగకుండా డౌన్‌లోడ్స్‌లో పడేస్తోంది. పీడీఎఫ్ అయితే తెరుస్తోంది, దానితోపాటు సేవ్ కూడా చేస్తోంది. ఒకే బిల్లు నాలుగుసార్లు చూస్తే నాలుగు నకళ్ళు చేరుతున్నాయి.

అక్షరశోధిని

అది లోపం కాదండీ, పద్ధతే మారింది. 2022 మార్చిలో వచ్చిన 98వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ ఆ ప్రశ్న అడగడం మానేసింది. అంతకుముందు "తెరవు" అని ఎంచుకుంటే ఫైలు తాత్కాలిక ఫోల్డరులోకి వెళ్ళి తరువాత తుడిచిపెట్టుకుపోయేది. ఆ మార్పుతో, తెరిచినది కూడా డౌన్‌లోడ్స్‌లోనే నిలిచింది. నాగావళి తీరం గారికి జరిగిన లాంటి నష్టం దీనివల్ల తప్పుతుంది గనుక నేను ఈ మార్పును మంచిదనే అంటాను. మీకు పాత పద్ధతే కావాలంటే సెట్టింగ్స్‌లో సాధారణ విభాగం తెరిచి, అప్లికేషన్ల జాబితా కింద ఉన్న రెండు ఎంపికల్లో ప్రతిసారీ అడగమనే దాన్ని గుర్తించండి. పీడీఎఫ్‌కు అదే జాబితాలో విడిగా ఎంపిక ఉంది. డౌన్‌లోడ్ల దగ్గర, ఎక్కడ సేవ్ చేయాలో ప్రతిసారీ అడగమనే ఎంపిక కూడా ఉంటుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లోనూ డౌన్‌లోడ్స్ విభాగంలో ఇలాంటిది ఉంది.

అలా అడిగే పద్ధతి పెట్టుకుంటే ఫైర్‌ఫాక్స్ ఒక్కో వెబ్‌సైటుకు మీరు చివరిసారి వాడిన ఫోల్డరును విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. నిన్న ఒక చోట, నేడు మరో చోట తెరుచుకుంటోందని చాలామంది కంగారుపడేది ఇందుకే. పెట్టె పైభాగంలో ఫోల్డరు పేరు ఒక్కసారి చదివి ఎంటర్ నొక్కితే సరిపోతుంది.

మీసేవ పక్క సందు

నేను నెట్ సెంటర్ నడుపుతాను. కృష్ణలంక గారు చెప్పిన ఆ నకళ్ళు మా వంటి చోట్ల చిక్కు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఒక రోజు సాయంత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డరు చూస్తే ఆ రోజు వచ్చినవారి ఆధార్ పత్రాలు, కుల ధ్రువీకరణ పత్రాలు, మార్కుల జాబితాలు వరుసగా ఉన్నాయి. ఎవరూ సేవ్ చేయలేదు, అందరూ తెరిచి ప్రింటు మాత్రమే తీసుకున్నారు. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు తాళం ఉంది కదా అనుకోవడానికి లేదు. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే ఆ తాళం తెరుచుకుంటుంది. పక్కనే ఉన్న మార్కుల జాబితాలో పేరూ, పుట్టిన తేదీ రెండూ ఉంటాయి.

ఇన్‌కాగ్నిటో విండోలో చేయిస్తే సరిపోతుందని నేను చాలాకాలం నమ్మాను. ఆ విండో మూస్తే చూసిన పేజీల చరిత్ర పోతుంది గాని, దించుకున్న ఫైలు ఫోల్డరులో అలాగే ఉంటుంది. అందుకని ఇప్పుడు వచ్చినవారు కుర్చీలోంచి లేవక ముందే, వారి కళ్ళ ముందే ఫైలును షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి తీసివేస్తున్నాను. అలా చేస్తే రీసైకిల్ బిన్‌లో కూడా మిగలదు. ఇంట్లో కంప్యూటర్ లేనివారు మనల్ని నమ్మి ఇచ్చే కాగితాలు అవి. ఆ బాధ్యత మనది.

విండోస్‌లో స్టోరేజ్ సెన్స్ అనే సదుపాయం ఉంది. డౌన్‌లోడ్స్‌లో 1, 14, 30 లేదా 60 రోజులుగా తెరవని ఫైళ్ళను అదే తుడిచేసేలా పెట్టవచ్చు. నేను 1 రోజుకు పెట్టాను. సొంత కంప్యూటర్లలో ఎవరైనా దీన్ని తెలియక పెట్టుకుని ఉంటే, "నెల క్రితం సేవ్ చేసింది కనిపించడం లేదు" అనే ఫిర్యాదుకు కారణం ఇదే కావచ్చు.

మంజీర

నా సమస్య పేర్లకు సంబంధించినది. తెలుగులో పేరు పెట్టిన ఫైళ్ళు కొన్ని మెయిళ్ళ నుంచి సేవ్ చేస్తే, పేరు స్థానంలో తలపై గీత ఉన్న ఇంగ్లీషు ఏ అక్షరం, డిగ్రీ గుర్తు, ప్లస్-మైనస్ గుర్తు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. కొన్ని వెబ్‌సైట్ల నుంచి దించితే శాతం గుర్తులతో నిండిన మూరెడు పేరు వస్తోంది. లోపల విషయం మాత్రం బాగానే ఉంది.

అక్షరశోధిని

మంజీర గారూ, మీరు గుర్తులను ఇంత శ్రద్ధగా చూసి రాసినందుకు ధన్యవాదాలు. వాటిలోనే సమాధానం ఉంది. యూనికోడ్ అంటే అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలిచ్చిన పట్టిక. యూటీఎఫ్-8 అంటే ఆ సంఖ్యలను కంప్యూటర్‌లో బైట్లుగా, అంటే చిన్న చిన్న ముక్కలుగా, రాసే పద్ధతి. అందులో ప్రతి తెలుగు గుర్తూ మూడు బైట్లు తీసుకుంటుంది. తెలుగులో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండవది రెండింటిలో ఒకటి. ఆ బైట్లను పాత పాశ్చాత్య లిపి పద్ధతిలో చదివితే మొదటిది తలపై గీత ఉన్న ఏ అవుతుంది, రెండవది డిగ్రీ గుర్తుగానో ప్లస్-మైనస్ గుర్తుగానో కనబడుతుంది. కాబట్టి ఆ జంట మళ్ళీ మళ్ళీ కనిపిస్తే అది వైరస్ కాదు, పాడైన ఫైలూ కాదు. తెలుగు పేరును తప్పు కళ్ళజోడుతో చదివారని అర్థం. శాతం గుర్తుల పేరుకూ మూలం ఆ బైట్లే. ఒక్కో బైటును ఒక శాతం గుర్తు, దాని పక్కన రెండు అక్షరాలుగా రాస్తారు గనుక ఒక్కో తెలుగు గుర్తుకు తొమ్మిది అక్షరాలు పడతాయి. "తెలుగు" అనే మాటలో ఆరు గుర్తులు ఉన్నాయి గనుక అది 54 అక్షరాల తోక అవుతుంది.

ఇంగ్లీషేతర పేర్లను మెయిల్‌లో ఎలా రాసి పంపాలో 1997లోనే ప్రమాణం వచ్చింది. వెబ్ సర్వర్లకు కూడా 2011 నాటి ప్రమాణం ఉంది. పంపే కార్యక్రమం వాటిని పాటించకపోతే అందుకునే చోట మనం చేయగలిగేది పేరు మార్చుకోవడం ఒక్కటే. మార్చడం వల్ల లోపలి విషయానికి ఏ హానీ జరగదు. చివర ఉన్న డాట్ డాక్స్, డాట్ పీడీఎఫ్ వంటి భాగాన్ని మాత్రం ముట్టుకోకండి.

పేరు పొడవు సంగతీ చెప్పాలి. విండోస్‌కు బదులు లైనక్స్ అనే వ్యవస్థతో నడిచే కంప్యూటర్లలో సాధారణంగా ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అంటే వర్డ్ ఫైలు చివరి భాగం పోను తెలుగులో 83 గుర్తులు. ఎక్కువే అనిపిస్తుంది గాని, "స్త్రీ" అనే ఒక్క అక్షరంలోనే సకారం, తకారం, రకారం, రెండు పొల్లులు, ఈత్వం కలిసి ఆరు గుర్తులు, 18 బైట్లు ఉన్నాయి. వ్యాసం పూర్తి శీర్షికను ఫైలు పేరుగా పెడితే, విండోస్‌లో సేవ్ అయినది ప్రెస్సు వారి లైనక్స్ కంప్యూటర్‌లోకి కాపీ కాకపోవచ్చు.

ఎడిసన్ తెలుగు

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. ఇక్కడి మా సంఘం సంచికకు రచనలు సేకరించినప్పుడు నాకు ఎదురైనది మంజీర గారికి పనికిరావచ్చు. ఒకే ఫోల్డరులో "హైదరాబాద్ జ్ఞాపకాలు" అనే పేరుతో, కంటికి ఏ తేడా లేకుండా, రెండు ఫైళ్ళు ఉన్నాయి. వెదికితే ఒకటే దొరికేది. కారణం ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వం కింద మరో చిన్న గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. పాత మ్యాక్ కంప్యూటర్లు ఫైలు పేరును సేవ్ చేసేటప్పుడు దాన్ని రెండుగా విడదీసేవి. విండోస్ దృష్టిలో అవి రెండు వేర్వేరు పేర్లు. తెలుగు గుణింతపు గుర్తుల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే, అందుకే దాన్ని పట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పేరును విండోస్‌లో మళ్ళీ టైపు చేస్తే సరిపోతుంది.

నాగావళి తీరం

మా సంచికలో "వైశాఖం" అనే కథ ఎంత వెదికినా దొరకడం లేదని వారం రోజులుగా అనుకుంటున్నాము. పంపినావిడ దగ్గర మ్యాక్ ఉంది. ఇప్పుడే తేదీ వరుసలో చూస్తే డౌన్‌లోడ్స్‌లోనే ఉంది. పేరు కొత్తగా టైపు చేశాక వెదికినా దొరుకుతోంది.

మీరు చెప్పినట్టు ఈ రోజు వచ్చిన అటాచ్‌మెంట్లన్నిటినీ ముందు రచయిత పేరుతో, తేదీతో సేవ్ చేసి ఆ తరువాతనే తెరిచాను. అలా సేవ్ చేసినవి ఎక్స్‌ప్లోరర్ పక్క గడిలో ప్రివ్యూ రావడం లేదు, హాని కలిగించవచ్చునని హెచ్చరిక కనిపిస్తోంది. ఇది ఆందోళన చెందాల్సిన విషయమా?

అక్షరశోధిని

కాదండీ. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలుకు విండోస్ కనిపించని చీటీ ఒకటి అంటిస్తుంది. వర్డ్‌లో పసుపు పట్టీ వచ్చేది కూడా ఆ చీటీని చూసే. 2025 అక్టోబరు నవీకరణల నుంచి, చీటీ ఉన్న ఫైళ్ళకు ప్రివ్యూ చూపడం ఆపేశారు. పంపినవారు మీకు తెలిసినవారై, మీరు ఎదురుచూస్తున్న ఫైలే అయితే, దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచి, అడుగున ఉన్న అన్‌బ్లాక్ గడిలో గుర్తు పెట్టండి. ఫోల్డరులో ఉన్నవన్నిటికీ ఒకేసారి చేయకండి, ఒక్కొక్కటీ చూసి చేయండి. మీ పెన్‌డ్రైవ్ నకలుకు హెచ్చరిక రాకపోవచ్చు. చాలా పెన్‌డ్రైవ్‌ల ఫార్మాట్‌లో ఆ చీటీకి చోటు లేదు, కాపీ చేసేటప్పుడే అది రాలిపోతుంది. అందువల్ల ఇతరుల పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫైలుకు హెచ్చరిక రాలేదని దాన్ని నమ్మడానికి వీలులేదు.

నాగావళి తీరం

ఒక్కొక్కటిగా చూసి ఆరు ఫైళ్ళకు చేశాను, ప్రివ్యూ వస్తోంది. ఏడవది ఎవరు పంపారో గుర్తు రాలేదు, దాన్ని అలాగే ఉంచి మెయిల్‌లో విచారిస్తున్నాను. దిద్దిన వ్యాసం డీటీపీకి చేరింది. పేజీలు పెట్టాక రెండవ ప్రూఫు గురువారం పంపుతామన్నారు. ప్రింటు తీసి పెద్దాయనకు స్వయంగా ఇచ్చి వస్తాను.